భారీ లారీలను వెనక్కి తీయడం, నిలపడం: విజయవాడ, కృష్ణా డెల్టా

భారీ లారీని వెనక్కి నడిపి, ఇరుకు చోట్లో అనుకున్న గీత మీద నిలపడం సరకు రవాణాలో అన్నిటికంటే నెమ్మదిగా సాగే పని. విజయవాడ నుంచి కోల్‌కతా దాకా బండి తోలే డ్రైవరు ఆ ప్రయాణం మొత్తంలో వెనక్కి నడిపేది మహా అయితే కొన్ని వందల గజాలు. అయినా తలుపు సొట్టపోయినా, గోడ కూలినా, కరెంటు స్తంభం ఒరిగినా, మనిషి నలిగినా అది ఆ కొన్ని వందల గజాల్లోనే జరుగుతుందని డ్రైవర్ల భయం. హైవే మీద వేగంగా తోలేవాణ్ని కుర్రాళ్లు మెచ్చుకుంటారు. మిల్లు గేట్లో ఒక్క కోతలో, అంటే మళ్లీ ముందుకు లాగి సరిచేసుకోకుండా, బండిని లోపలికి పెట్టినవాణ్ని మిగతా డ్రైవర్లు మెచ్చుకుంటారు.

కృష్ణా డెల్టాలో ఈ పని ఎప్పుడూ ఒక్కడిది కాదు. స్టీరింగు డ్రైవరు చేతిలో ఉంటే, చూపు క్లీనరు దగ్గర ఉంటుంది. ఈ ప్రాంతపు డ్రైవింగులో మెచ్చుకోదగ్గ నేర్పంతా ఆ ఇద్దరి ఒప్పందంలోంచి పుట్టింది. ఇప్పుడు అందులో రెండో మనిషి బండి దిగిపోతున్నాడు. కొత్త బండ్లు, కెమెరాలు, చట్టాలు తెచ్చిన మార్పులన్నిటికంటే అదే పెద్ద మార్పు.

ప్రాంతం

విజయవాడకు నాలుగు దిక్కుల నుంచీ లారీలు వస్తాయి. చెన్నై–కోల్‌కతా దారి (పూర్వపు 5, ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి), పుణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం వెళ్లే దారి (పూర్వపు 9, ఇప్పటి 65) ఇక్కడ కలుస్తాయి. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చే 30వ నంబరు రహదారి ఊరి పక్కనే ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. జగ్గయ్యపేట నుంచి సిమెంటు, కొండపల్లి చమురు డిపోల నుంచి ట్యాంకర్లు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బూడిద, నున్న నుంచి మామిడి, గుడివాడ–పామర్రు వైపు నుంచి బియ్యం, కైకలూరు నుంచి చేప, కృష్ణకు అవతల గుంటూరు నుంచి మిర్చి: ఒక్కో సరకుకు ఒక్కో రకం బండి, ఒక్కో రకం నిలుపుదల.

ఇంత రద్దీకి తగిన నేల మాత్రం లేదు. ఊరికి ఒకవైపు ఇంద్రకీలాద్రి, ఇంకోవైపు నది. మధ్యలోంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పోతాయి. పాత బజార్లు ఆ కాలువలకూ కొండకూ మధ్య ఇరుక్కుని పెరిగాయి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీదికి భారీ లారీలను రానివ్వరు. ఊళ్లోంచి నది దాటాలంటే వాటికి కనకదుర్గ వారధే దారి. ఊళ్లోకి పగటిపూట భారీ వాహనాలపై ఆంక్షలు ఉంటాయి కాబట్టి వన్‌టౌన్‌లోనూ గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సులోనూ దించాల్సిన సరకు చాలావరకు రాత్రి దిగుతుంది. అంటే ఈ విద్యలో సగం చీకట్లో నేర్చుకోవాల్సిందే.

బండి వెనక్కి ఎలా తిరుగుతుంది

ట్రైలరు లేని మామూలు లారీ వెనక్కి వచ్చేటప్పుడు స్టీరింగు ఎటు తిప్పితే తోక అటే పోతుంది. ఇంతవరకు కారుకూ దీనికీ తేడా లేదు. తేడా అంతా ముక్కులో ఉంది. బండి తిరిగేది వెనక ఇరుసు దగ్గర. ఇరుసు నుంచి ముందు బంపరు దాకా ఉన్న పొడవంతా విసనకర్రలా పక్కకు ఊగుతుంది. తోక కుడికి పోతుంటే ముక్కు ఎడమకు వెళ్లి, అక్కడ ఆగి ఉన్న ఆటోను తోసేస్తుంది. కొత్తవాడు తోకనే చూస్తూ ఉంటాడు, దెబ్బ ముక్కుకు తగులుతుంది. పాత డ్రైవరు వెనక్కి నాలుగు చూపులు చూస్తే ముందుకు ఒక చూపు చూస్తాడు.

వెనక రెండు ఇరుసులున్న పది టైర్ల బండిలో ఇంకో చిక్కు. తిరిగే కేంద్రం ఆ రెండు ఇరుసుల మధ్య ఎక్కడో ఉంటుంది కాబట్టి, మలుపు ఎక్కువైన కొద్దీ టైర్లు దొర్లడం మాని నేలను గీకుతాయి. సిమెంటు నేల మీద ఆ చప్పుడు వింటే టైర్ల ఖర్చు తెలిసిన యజమానికి గుండె కలుక్కుమంటుంది. ఇరుసును పైకి ఎత్తుకునే సదుపాయమున్న బండ్లలో, ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఇరుసు ఎత్తేసి వెనక్కి తీస్తే గీకుడు తగ్గుతుంది, మలుపూ చిన్నదవుతుంది. పవర్ స్టీరింగు రాకముందు నిలబడ్డ లోడు బండిలో స్టీరింగు తిప్పడం మనిషి తరం అయ్యేది కాదు. బండిని అంగుళం అంగుళం కదిలిస్తూ తిప్పేవారు. అలా నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ నిలబడ్డ బండిలో స్టీరింగు తిప్పరు. బలం లేక కాదు, టైర్ల మీదా కింగ్ పిన్ను మీదా భారం పడుతుందని.

మన దేశంలో స్టీరింగు కుడివైపు. అందువల్ల కుడికి వెనక్కి తీయడం తేలిక: కిటికీలోంచి తల బయట పెడితే వెనక టైరు కనపడుతుంది. ఎడమకు తీస్తే తోక అద్దంలోంచి తప్పిపోయి, మిగిలేది బండి పక్క గోడ ఒక్కటే. స్టీరింగు ఎడమ పక్కనుండే అమెరికాలో ఇదే తిరగబడి, కుడివైపు గుడ్డి వైపు అవుతుంది. తెలిసిన డ్రైవరు గోడౌను గేటు ఎడమన ఉంటే ముందుకు సాగిపోయి, ఎక్కడో తిప్పుకుని, గేటు తన కుడికి వచ్చేలా తిరిగి వస్తాడు. రెండు కిలోమీటర్ల డీజిలు దండగని యజమాని గొణుగుతాడు. ఆ గొణుగుడు ఖరీదు ఒక అద్దం కన్నా తక్కువే.

ట్రైలరు, ట్రాక్టరు ట్రక్కు

మధ్యలో కీలున్న బండి సంగతి వేరు. ట్రైలరు తోకను కుడికి పంపాలంటే ముందు స్టీరింగు ఎడమకు తిప్పాలి. ట్రైలరు వంగడం మొదలైన మరుక్షణం స్టీరింగును కుడికి తెచ్చి దాని వెంట నడవాలి. ముందుకు పోయేటప్పుడు ట్రైలరు తనంతట తానే సర్దుకుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు చిన్న వంకర కూడా తనంతట తాను పెరుగుతుంది. అరచేతిలో కర్రను నిలబెట్టి పడిపోకుండా చేతిని కదిలిస్తూ ఉండటం లాంటి పని ఇది. వంకర ఒక హద్దు దాటాక ఎంత స్టీరింగు తిప్పినా లాభం లేదు. ముందు బండి, ట్రైలరు మడత కత్తిలా మూసుకుంటాయి. అప్పుడు దారి ఒక్కటే: ముందుకు లాగి, నిటారు చేసుకుని, మళ్లీ మొదలుపెట్టడం. మళ్లీ ముందుకు లాగడాన్ని కొత్తవాళ్లు నామోషీగా భావిస్తారు. అనుభవజ్ఞులకు అది మామూలు కోత.

ఈ లెక్క శాస్త్రజ్ఞులనూ ఆకర్షించింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డెరిక్ న్గుయెన్, బెర్నార్డ్ విడ్రో కంప్యూటరులోని ఒక బొమ్మ ట్రైలరును ప్లాట్‌ఫారానికి వెనక్కి తీసుకురావడం న్యూరల్ నెట్‌వర్కుకు నేర్పారు. ఆ పని 1990 నాటికి అచ్చయింది. తర్వాత నియంత్రణ శాస్త్రం చదివేవాళ్లకు అదొక ప్రసిద్ధ ఉదాహరణ అయింది. ఆ నెట్‌వర్కు కూడా కొత్త డ్రైవరు నేర్చుకున్నట్టే, వేల సార్లు తప్పు చేసి నేర్చుకుంది.

ట్రైలరు పొడుగైతే కష్టమని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి పొడుగు ట్రైలరు నిదానంగా స్పందిస్తుంది, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. చిరాకు పెట్టేది పొట్టి ట్రైలరు. డెల్టా పల్లెల్లో ట్రాక్టరు వెనక కట్టే రెండు చక్రాల ట్రక్కు సరిగ్గా అలాంటిది. రెప్పపాటులో అడ్డం తిరుగుతుంది. పంట నూర్చే రోజుల్లో కల్లం దగ్గరా ఇంటి దొడ్లోనూ ఆ ట్రక్కును వెనక్కి పెట్టడం నేర్చిన రైతు బిడ్డలు తర్వాత కంటైనరు ట్రైలరు ఎక్కినప్పుడు పెద్దగా తడబడరు. నాలుగు చక్రాల ట్రక్కు ఇంకా గడ్డు: దాని ముందు ఇరుసు కూడా తిరుగుతుంది కాబట్టి కీళ్లు రెండవుతాయి. దాన్ని వెనక్కి తీయబోయి విసిగి, ట్రాక్టరు విప్పేసి, మనుషులు తోసి సరిచేసుకోవడమే ఎక్కువ.

క్లీనరు

క్లీనరు అంటే బండి కడిగే కుర్రాడని నిఘంటువు చెప్పవచ్చు. బండి వెనక్కి కదిలినప్పుడు మాత్రం అధికారం అతనిదే. దిగి, ఎడమవైపు వెనక మూలన, డ్రైవరు అద్దంలో కనపడేంత దూరంలో నిలబడి పిలుస్తాడు: “రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... ఇంకా కొట్టు... స్ట్రెయిట్ చెయ్... రానీ... హోల్డాన్!” మాట అందనంత రొద ఉంటే బండి పక్కన చరుస్తాడు. ఒక్క దెబ్బ వేస్తే ఆగాలి, వరసగా రెండు వేస్తే పోనీయాలి. రాత్రయితే టార్చి, ఇప్పుడు సెల్‌ఫోను లైటు.

ఇందులో రెండు మర్యాదలున్నాయి. మొదటిది: పిలిచేవాడు ఒక్కడే ఉండాలి. గోడౌను ముందు హమాలీ, గుమాస్తా, టీ తాగుతున్న పెద్దమనిషి ముగ్గురూ మూడు వైపుల నుంచి “రానీ, రానీ” అంటే డ్రైవరు బ్రేకు తొక్కి దిగిపోతాడు, దిగాలి కూడా. రెండోది: క్లీనరు అద్దంలో కనపడకుండా పోతే అతని మాట వినపడుతున్నా బండి ఆగాలి. అతను చక్రానికీ గోడకూ మధ్య ఉండి ఉండవచ్చు.

వరిగడ్డి లోడు తోలేవాళ్లకు క్లీనరు లేకుండా క్షణం గడవదు. గడ్డి రెండు పక్కలా అద్దాలను దాటి వేలాడుతుంది కాబట్టి డ్రైవరుకు వెనక్కి ఏమీ కనపడదు. ఊళ్లోకి దూరితే కరెంటు తీగలు. లోడు మీద ఒకడు, కింద ఒకడు ఉండి కేకలేసుకుంటేనే బండి కదులుతుంది. తీగను ఎండు కర్రతో ఎత్తి పట్టి లోడును దాటించడం పల్లెల్లో అలవాటుగా కనపడే, ప్రాణం తీయగల పని. కర్రలో తడి ఉందో లేదో ఎవరూ చూడరు.

క్లీనరు సీటు ఈ వృత్తికి బడి కూడా. సరకు దించే చోట డ్రైవరు కునుకు తీస్తుంటే, యార్డు లోపల బండిని నాలుగడుగులు ముందుకూ వెనక్కీ జరిపే పని కుర్రాడికి దొరికేది. అలా కొన్నేళ్లకు చేయి కుదిరి, లైసెన్సు తీసి, స్టీరింగు ముందుకు మారేవాడు. కొద్ది మార్జినుతో బండి నడిపే యజమానులు ఇప్పుడు ఆ జీతం, బత్తా మిగుల్చుకుంటున్నారు. చదువుకున్న పిల్లలూ ఆ పనికి రావడం లేదు, రావాలని కోరుకోవడమూ అన్యాయమే. ఫలితంగా పద్నాలుగు, పదహారు టైర్ల బండ్లు ఒక్క మనిషితో తిరుగుతున్నాయి. వెనక్కి తీయాల్సి వస్తే ఆ డ్రైవరు గేటు కాపలావాణ్ని బతిమాలుకుంటాడు. ఎవరూ దొరక్కపోతే తానే దిగి చూసి, ఎక్కి కొంత తీసి, మళ్లీ దిగి చూస్తాడు. అమెరికా డ్రైవింగు బళ్లలో మొదటి పాఠమే ఇది: దిగి చూడు. అక్కడ బండికి ఒక్కడే ఉండటం ఎప్పటి నుంచో అలవాటు కాబట్టి దాన్ని పద్ధతిగా నేర్పుతారు. ఇక్కడ పద్ధతి రాకముందే మనిషి పోయాడు.

కాలువ కట్టలు, చెరువు గట్లు

డెల్టాలో దారులు చాలావరకు కాలువ కట్టల మీదే. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క చేను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో ఒంటి వరుస తారు రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. చట్టం ఒప్పుకునే లారీ వెడల్పు 2.6 మీటర్లు. నడిమధ్య నడిపినా ఒక్కో పక్క మిగిలేది అరవై సెంటీమీటర్లలోపే. ఊళ్లోపలి రోడ్లు ఇంతకన్నా ఇరుకు. తారు దాటితే నల్లమట్టి. ఎండాకాలంలో రాయిలా ఉండే ఆ మార్జిను రెండు వానలు పడితే చక్రాన్ని మింగేస్తుంది. లోడు బండి ఎడమ వెనక చక్రం అందులో దిగిందంటే పొక్లెయినో క్రేనో రావాలి, ఈలోగా కట్ట మీద రాకపోకలు బంద్.

అందుకే కట్ట మీద రెండు బండ్లు ఎదురుపడితే ఒక ఆనవాయితీ నడుస్తుంది. ఖాళీ బండి లోడు బండికి దారి ఇచ్చి వెనక్కి పోతుంది. రెండూ లోడుతో ఉంటే వెడల్పు చోటు ఎవరికి దగ్గరో వాళ్లు తగ్గుతారు. వెడల్పు చోట్లంటే లాకులు, తూములు, ఊరి మొదట్లోని వంతెన మలుపులు. ఆ ఊళ్ల మీదుగా తిరిగే డ్రైవర్లకు అవి ఎక్కడెక్కడున్నాయో నోటికి వచ్చు. తెలియనివాడు అర కిలోమీటరు వెనక్కి నడిచి, మెడ పట్టేసి, మర్నాటికి నేర్చుకుంటాడు. తిప్పుకోవడానికి పక్క సందు దొరికితే దాన్ని దాటి ముందుకు పోయి, తోకను సందులోకి తీసి, ముక్కుతో రోడ్డెక్కాలి. ముక్కుతో సందులోకి దూరి, తోకతో రోడ్డు మీదికి వచ్చేవాడికి రెండు వైపుల వచ్చే బండ్లూ కనపడవు.

చేపల చెరువుల మీద ఇదే పని ఇంకా ఇరుగ్గా సాగుతుంది. కైకలూరు, కలిదిండి, మండవల్లి చుట్టూ గట్లు చెరువు తవ్విన మట్టితో కట్టినవే, తారు కూడా ఉండదు. గట్టు చివర తిప్పుకునే చోటు లేకపోతే వ్యాను లోపలికి పోయేటప్పుడే వెనక్కి నడిచి పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు ముక్కు ముందుకు ఉండేలా. ఎందుకంటే ఖాళీగా వెనక్కి తీయడం తేలిక, ఐసు, చేపలతో నిండిన బండిని వెనక్కి తీయడం ప్రమాదం. బెంగాల్, అస్సాం దాకా పోయే పెద్ద లారీలు గట్ల మీదికి రావు. ప్యాకింగు చోటే వాటికి ప్లాట్‌ఫారం. అక్కడ ఐసు కరుగుతుంటుంది, వెనక బండ్లు వరసలో ఉంటాయి. ఒక డ్రైవరు నాలుగు కోతలు ఎక్కువ తీసుకుంటే అందరి నోళ్లూ లేస్తాయి.

టిప్పర్లకు వేరే సూత్రం. వాటికి నిలిచే చోటు చదునుగా ఉండాలి. తొట్టి ఎత్తినప్పుడు బరువంతా పైకి లేస్తుంది కాబట్టి ఒకపక్క చక్రం గుల్ల మట్టిలో ఉంటే బండి పక్కకు ఒరుగుతుంది. కట్ట అంచుకు వెనక్కి పోయి మట్టి పోసేటప్పుడు చివరి రెండు మీటర్లు వదిలేసి పోసి, తర్వాత యంత్రంతో నెట్టించడం తెలివి. అమరావతి పనుల్లోనైనా పల్లెలో చెరువు మట్టి తోలకంలోనైనా ట్రిప్పుల లెక్కన డబ్బులు వస్తాయి కాబట్టి ఆ తెలివి సాయంత్రానికి పలచబడుతుంది.

మిల్లు, గోడౌను, యార్డు

డెల్టాలో లారీ ఎంత దగ్గరగా, ఎంత సూటిగా నిలిచిందో కొలిచేది హమాలీ భుజం. ఈ ప్రాంతంలో ధాన్యం బస్తా 75 కిలోలు. పదహారు టన్నుల లోడంటే రెండు వందల పైచిలుకు బస్తాలు. బండి గడపకు రెండడుగులు ఎడంగా ఆగితే ఆ రెండడుగులూ పోను, రాను నాలుగు వందల సార్లు నడవాలి. వంకరగా ఆగితే బండికీ గడపకూ మధ్య వేసే బల్ల ఒక మూలన గాలిలో ఉంటుంది. అందుకే ఎగుమతి, దిగుమతి చేసే ముఠా మేస్త్రీ బండి సరిగ్గా నిలిచేదాకా బస్తా ముట్టుకోనివ్వడు. డ్రైవరు, “చాల్లే, ఇంతకన్నా రాదు” అంటే, “ఇంకొక్క కోత కొట్టు బాబాయ్, నీ సొమ్మేం పోయింది” అంటాడు. ఈ బేరం చూడటానికి సరదాగా ఉంటుంది కానీ డ్రైవరు నేర్పుకు ఇంతకన్నా కచ్చితమైన పరీక్ష ఏ రవాణా శాఖ దగ్గరా లేదు.

కంటైనరుకు మరో జాగ్రత్త: తలుపులు ముందే తెరిచి పక్కలకు కట్టి, ఆ తర్వాత గోడకు ఆనించాలి. మర్చిపోతే మళ్లీ ముందుకు లాగాల్సిందే. కాటా మీద వెనక్కి తీసే పని రాకూడదు. రెండు వైపులా దారి ఉన్న వేబ్రిడ్జికే డ్రైవర్లు ఇష్టపడి వెళతారు. గుంటూరు మిర్చి యార్డులో వేసవి మొదట్లో సరకు పోటెత్తే రోజుల్లో బండి తోలడం కన్నా బండిని ఎక్కడ ఇరికించాలన్నదే పెద్ద పని. వుయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు ట్రాక్టర్ల వరసలోనైతే వెనక్కి తీసే వీలే ఉండదు. ముందు బండి కదలాలి, అంతే.

బస్టాండు

లారీ కాకపోయినా ఇదే పనిని రోజూ వేలమంది కళ్ల ముందు చేసే చోటు విజయవాడలోని పండిట్ నెహ్రూ బస్ స్టేషన్. 1990లో తెరిచిన ఈ ప్రాంగణంలో బస్సులు ముక్కు ప్లాట్‌ఫారానికి పెట్టి నిలుస్తాయి, బయలుదేరేటప్పుడు వెనక్కి రావాలి. కండక్టరు దిగి ఈల వేస్తూ బస్సును బయటికి రప్పిస్తాడు. దీనివల్ల ప్రయాణికులకు తలుపు దగ్గరవుతుంది, ఎక్కువ బస్సులు పడతాయి. బదులుగా ప్రతి బస్సూ జనం తిరిగే చోట వెనక్కి నడవాలి, డ్రైవరు ప్రతిసారీ సరైన గేరు వేయాలి. 2023 నవంబరు 6న వెనక్కి రావాల్సిన ఒక బస్సు ముందుకు దూకి ప్లాట్‌ఫారం మీదికి ఎక్కింది. ముగ్గురు చనిపోయారు. రివర్సు గేరు సరిగ్గా పడకపోవడమే కారణమని ప్రాథమిక విచారణలో చెప్పారు. వెనక్కి తీసేటప్పుడు ముప్పు వెనకే ఉంటుందన్న నమ్మకాన్ని ఆ ఘటన చెరిపేసింది. బండి ఎటు కదులుతున్నదో తెలిసేదాకా క్లచ్చు మీంచి కాలు పూర్తిగా తీయకూడదని పాత గురువులు చెప్పేది ఇందుకే.

ఆటోనగర్

1960ల్లో వెలిసిన జవహర్ ఆటోనగర్ లారీల మరమ్మతుకూ బాడీ కట్టడానికీ రాష్ట్రంలో పేరుమోసిన చోటు. షెడ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ఒక్కో షెడ్డులోకి బండి వెనక్కి పోవాలి లేదా వెనక్కి రావాలి. ఈ రోడ్ల మీద మెకానిక్కులు, వెల్డర్లు, పెయింటర్లు తమ సొంత లారీ లేకుండానే ఏళ్ల తరబడి ఇతరుల లారీలను వెనక్కి తీసి తీసి చేయి తిరిగినవాళ్లు. బ్రేకులు సరిగా లేని బండిని, గాలి పట్టని బండిని, అద్దాలే లేని ఉత్త ఛాసిస్‌ను వాళ్లు షెడ్డులో పెట్టే తీరు చూడదగ్గది.

బాడీ కట్టడానికి వచ్చిన ఛాసిస్ తోకను డ్రైవరు వెనక్కి తిరిగి నేరుగా చూడగలడు. బాడీ ఎక్కాక అదే బండి కొత్త బండి అవుతుంది. బాడీ క్యాబిను కన్నా ఎంత బయటికి వచ్చింది, అద్దాన్ని ఎంత పొడుగు కడ్డీ మీద బిగించారు, వెనక డోరు కిందికి పడుతుందా పక్కకు తెరుచుకుంటుందా అన్నవన్నీ వడ్రంగి, వెల్డరు నిర్ణయించే విషయాలు. అలంకారానికి అద్దం చుట్టూ కుచ్చులు కట్టి, ముందు గాజు సగం బొమ్మలతో కప్పేసిన బండ్లూ ఇక్కడ తయారవుతాయి. అందంగానే ఉంటాయి. ఎడమ మూల కనపడదు.

నిలుపుదల

“ఆగి ఉన్న లారీని ఢీకొని...” అన్న వార్త చదవని తెలుగు పాఠకుడు ఉండడు. కేంద్ర రవాణా శాఖ ఏటా వెలువరించే ప్రమాదాల నివేదికలో ఆగి ఉన్న వాహనాన్ని ఢీకొట్టడం ఒక విడి పద్దు. డ్రైవరు నిద్ర ఆపుకోలేక ఆగుతాడు, టైరు పేలి ఆగుతాడు, ఊళ్లోకి అనుమతి లేని వేళ వచ్చి ఆగుతాడు. ఈ మూడింటిలో మొదటిదీ చివరిదీ అతని తప్పుగా లెక్కవేయడం సులువు. బండి పెట్టుకోవడానికి దీపాలు, మరుగుదొడ్డి, కాపలా ఉన్న చోటు ఎన్ని కిలోమీటర్లకు ఒకటి ఉందో అడిగితే లెక్క మారుతుంది. దొంగలు డీజిలు తీయని, బ్యాటరీ విప్పని చోటు దాబా ఒక్కటే అని డ్రైవర్ల నమ్మకం. అందుకే కీసర, చిల్లకల్లు టోల్ గేట్ల పరిసరాల్లోనైనా హనుమాన్ జంక్షన్ దగ్గరైనా దాబా ముందు లారీల వరస రోడ్డు అంచు దాకా పాకుతుంది.

దసరా ఉత్సవాలప్పుడు, 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు నగరం గుండా పోయే లారీలను దూరం నుంచే మళ్లించారు. హైదరాబాదు–విశాఖ బండ్లు ఇబ్రహీంపట్నం, మైలవరం, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్‌కు, చెన్నై–విశాఖ బండ్లు ఒంగోలు నుంచి చీరాల, బాపట్ల, రేపల్లె, అవనిగడ్డ, పామర్రు, గుడివాడ మీదుగా పోవడం ఇలాంటప్పుడు రివాజు. కాగితం మీద అది దారి మళ్లింపు మాత్రమే. జాతీయ రహదారి మీద తప్ప తోలి ఎరగని హర్యానా డ్రైవరు ఆ రాత్రి పల్లెటూరి మలుపులో చిక్కుకుని, భాష తెలియని ఊరివాళ్ల సైగలతో వెనక్కి తీయాలి.

నిలిపిన బండి కదలకుండా ఉండటానికి చేతి బ్రేకు ఒక్కటే చాలదు. ఎయిర్ బ్రేకుల బండిలో గాలి పోయినప్పుడు స్ప్రింగు బలంతో చక్రం పట్టుకునే ఏర్పాటు ఉంటుంది. ఆ స్ప్రింగు అలిసిపోయిన పాత బండ్లకు గేరు, చెక్క దిమ్మ తోడు కావాలి. డెల్టా నేల చదును కాబట్టి ఇక్కడివాళ్లు దిమ్మను నిర్లక్ష్యం చేస్తారు. ఆ అలవాటుతో ఘాట్ రోడ్డెక్కితే గండం. చెడిపోయి ఆగిన బండి వెనక ఎర్ర త్రికోణం పెట్టాలి. చేసేది ఎక్కువగా పచ్చి కొమ్మ విరిచి పడేసి, నాలుగు రాళ్లు పేర్చడం. కొమ్మ ఎండిపోతుంది, బండి బాగై వెళ్లిపోతుంది, రాళ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. రాత్రి ఆ రాళ్లకు బైకు తగిలి పడేవాడికి అక్కడ లారీ ఉండేదని కూడా తెలియదు.

చట్టం, పరీక్ష

1988 మోటారు వాహనాల చట్టం ఇతరులకు ప్రమాదమో అడ్డమో అయ్యేలా వాహనాన్ని వదలకూడదని 122వ సెక్షన్లో, ఇంజను ఆపి బ్రేకు వేయకుండా డ్రైవరు సీటు వదలకూడదని 126వ సెక్షన్లో చెబుతుంది. 127వ సెక్షను వదిలేసిన వాహనాన్ని లాక్కుపోయే అధికారం ఇస్తుంది. ఎవరికీ ప్రమాదం లేదని రూఢి చేసుకున్నాకే వెనక్కి తీయాలని 2017 నాటి డ్రైవింగు నిబంధనలు చెబుతాయి. ఇవన్నీ సరైనవే. ఎలా రూఢి చేసుకోవాలో, క్లీనరు లేని బండికి ఆ బాధ్యత ఎవరు మోయాలో మాత్రం డ్రైవరుకే వదిలేశాయి.

భారీ వాహనం నేర్చుకోవాలంటే ముందు తేలిక వాహనం లైసెన్సు ఏడాది పాటు ఉండాలి. 1989 కేంద్ర నియమాల్లో 15వది డ్రైవింగు పరీక్షలో బండిని వెనక్కి తీయడం, ఇరుకు సందులోకి కుడికో ఎడమకో తగినంత కచ్చితంగా వెనక్కి పెట్టడం చేసి చూపాలంటుంది. ఆచరణలో అది ‘హెచ్’ ఆకారపు ట్రాకు. పగలు, చదునైన సిమెంటు మీద, ఖాళీ బండితో, జనం లేని చోట. ఆ తర్వాత అతనికి దొరికే మొదటి నిజమైన పరీక్ష గొల్లపూడిలో అర్ధరాత్రి, లోడుతో, అరటిగెలల ఆటోల మధ్య. ఈలోగా బండ్లూ బరువెక్కాయి: 2018 జులైలో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. మూడు ఇరుసుల బండికి 25 టన్నులున్నది 28.5 అయింది. గోడౌన్ల గేట్లు మాత్రం వెడల్పు కాలేదు.

పరికరాలు

రివర్సు హారన్లు మొదట వచ్చాయి. బీప్ మనే వాటికన్నా సినిమా పాటలు పాడేవి ఎక్కువ అమ్ముడుపోయాయి. ఊళ్లో నాలుగు బండ్లు ఒకేసారి నాలుగు పాటలు పాడుతుంటే హెచ్చరిక కాస్తా కచేరీ అయింది, జనం తల తిప్పి చూడటం మానేశారు. తర్వాత సెన్సర్లు, కెమెరాలు. తోక వెనక నేల మీద కూర్చున్న పిల్లవాణ్ని కెమెరా చూపినట్టు ఏ అద్దమూ చూపలేదు. ఆ ఒక్క గుణానికే ప్రతి భారీ బండికీ అది ఉండాలి. అయితే కెమెరా పైన ఉన్న తీగను చూపదు, ముక్కు ఊగే వైపు చూపదు, నేల గట్టిదో గుల్లదో చెప్పదు. సార్వా కోతల నాటి బురదలో దాని అద్దం పూర్తిగా మూసుకుపోతుంది.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. బెజవాడ ఎండలో ఇంజను పక్కన పదేసి గంటలు కూర్చునే మనిషికి అది చాలా ఆలస్యంగా దక్కిన న్యాయం. దాంతో పాటు కిటికీ అద్దం మూసుకుంటుంది. తల బయట పెట్టి చూడటం, బయటి కేక వినడం, బండి పక్కన పడిన చరుపు తెలుసుకోవడం అన్నీ తెరిచిన కిటికీ మీద ఆధారపడ్డ అలవాట్లు. వెనక్కి తీసేటప్పుడు ఏసీ ఉన్నా అద్దం దించాలన్న కొత్త పాఠాన్ని డ్రైవింగు బళ్లు, ఫ్లీట్ యజమానులు ఇప్పుడు చేర్చుకోవాల్సి ఉంది.